పెదవి ముందు, మాట వెనక

"ఇది అమ్మ మాట్లాడుతున్నట్టు లేదు. అమ్మ బొమ్మని నిలబెట్టి వెనక నుంచి ఇంకెవరో మాట్లాడుతున్నట్టుంది," అంది ఆడపడుచు.

"మొదట్లో బాగానే ఉంది కదా వదినా," అంది చిన్నకోడలు.

"మొదట్లో అందరూ బాగానే ఉంటారమ్మాయ్. పోనుపోను కదా అసలు సంగతి తెలిసేది."

టీవీలో అత్తగారు అప్పటికే మాట ముగించి పెదవులు మూసుకుంది. గొంతు మాత్రం ఇంకా వస్తూనే ఉంది. "...చల్లగా ఉండు తల్లీ" అని ఆ మూసుకున్న పెదవుల మీదుగా వినిపించి ఆగింది. ఆ తర్వాత అంచుల నుంచి తెల్లటి వెలుగు లోపలికి పాకింది. రంగు పోయి బొమ్మ వెలవెలబోయింది. సన్నగా వేణువు వినిపిస్తుంటే మెల్లమెల్లగా కరిగిపోయింది.

"చూశావా, నోరు మూశాక మాట్లాడుతోంది. హాలు నిండా జనం. ఒక్కడు నవ్వితే చాలు, నా పరువు గంగలో కలిసినట్టే."

"నిన్నటికంటే నయమేలే అక్కా," అన్నాడు చిన్నకొడుకు సోఫాలో వెనక్కి వాలి. "నిన్న అసలు బొమ్మే రాలేదు. చీకట్లోంచి అమ్మ రేడియోలా మాట్లాడింది."

అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. పైకెళ్ళింది మధ్యలో ఆగకుండా కిందికి వస్తే చాలు, బాగున్నట్టే అతని లెక్కలో. భార్యని వెనకేసుకు రావాలనే అన్నాడు. కానీ నిన్నటి సంగతి గుర్తుచేసి మరింత పాడుచేశాడు.

నిన్నటిది వేరే తప్పు. వీడియోని చివర్లో ఫైలుగా బయటికి తీసేటప్పుడు ఏ కోడెక్‌లో కావాలని సాఫ్ట్‌వేరు అడుగుతుంది. చీరని పెట్టెలో పట్టేలా మడతపెట్టే పద్ధతి లాంటిది అది. చిన్నకోడలు కొత్తగా వచ్చినదేదో మంచిదనుకుని ఎంచుకుంది. ఆ మడత విప్పడం ఈ పాత టీవీకి తెలియదు. మాట విప్పగలిగింది, బొమ్మ విప్పలేకపోయింది. పాత కోడెక్‌కి మార్చి తీస్తే ఇవాళ బొమ్మ వచ్చింది. బొమ్మ రావడంతో, మాట దానికి అతకలేదని ఇంటిల్లిపాదికీ కనిపించింది.

"ఆ స్టూడియో వాళ్ళ మొహాన పడేస్తే పోయేది కదా," అన్నారు బావగారు, అత్తగారి పెద్దకొడుకు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "పెళ్ళి వీడియో ఎలాగూ వాళ్ళే తీస్తున్నారు. నేర్చుకునేవాళ్ళు చెయ్యి తిరగడానికి మా అమ్మే దొరికిందా?"

చిన్నకోడలు ల్యాప్‌టాప్ మూత సగం దించింది.

పెళ్ళి వచ్చే వారమే. పెళ్ళికూతురు ఆడపడుచు కూతురు. అమ్మమ్మ పెళ్ళికి రాదు, అమ్మమ్మ మాట వస్తుంది. హాల్లో పెద్ద తెర మీద ఆవిడ మనవరాలిని దీవిస్తుంది. అన్నాచెల్లెళ్ళు కలిసి తేల్చిన మాట ఇది. హాల్లో జనం, దుమ్ము. అమ్మ మెడ మీద ఊపిరి పీల్చుకునే రంధ్రం, దాని చుట్టూ ఇంకా పచ్చిగా ఉన్న గాయం. చెప్పిన కారణాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అమ్మనీ అడిగారు, "అంతసేపు కూర్చోవడం నీకు కష్టం కదమ్మా?" అని. ఆవిడ తల ఊపింది.

ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేసినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆవిడని తల ఊపితే సరిపోయే ప్రశ్నలే అడుగుతున్నారు. తింటావా? పడుకుంటావా? ఫ్యాను వెయ్యనా? బావగారు ఒక పలక తెచ్చి ఒళ్ళో పెడితే, ఒకసారి తిప్పి చూసి, మంచం కిందికి తోసేసింది.

ఒకప్పుడు బస్టాండుకి వెళ్ళిన ప్రతివాళ్ళ చెవిలోనూ, మైకులో బస్సుల రాకపోకలు చెప్పే ఆ గొంతే. "ప్రయాణికులకు మనవి" అని మొదలుపెడితే, పరుగెత్తేవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగేవారు. ఊళ్ళో ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. మైకమ్మ అంటేనే తెలిసేది.

టంగ్ మని చప్పుడైంది.

అందరూ వెనక్కి తిరిగారు. కిటికీ పక్క కుర్చీలో, మెడకి తెల్లటి పల్చటి గుడ్డ కట్టుకుని కూర్చున్న అత్తగారు స్పూనుతో స్టీలు గ్లాసు మీద కొట్టింది. పిలవడానికి ఇప్పుడు ఆవిడకున్నది అదే. పెదవులు కదిలించింది.

"నీళ్ళా అమ్మా?" అంది కూతురు.

ఆవిడ తల అడ్డంగా తిప్పి మళ్ళీ పెదవులు కదిలించింది.

"చలేస్తోందా? కిటికీ మూయనా?" అన్నారు బావగారు లేచి.

"వినపడట్లేదేమో," అని చిన్నకొడుకు రిమోటు అందుకుని, వీడియో మళ్ళీ మొదటి నుంచి పెట్టి, శబ్దం పెంచాడు.

చిన్నకోడలు మాత్రం ఆ పెదవుల వంకే చూస్తోంది. తెరుచుకున్నాయి, ఒకసారి గట్టిగా మూసుకున్నాయి, మళ్ళీ తెరుచుకున్నాయి. ఆ కదలిక తనకి తెలుసు. రికార్డు చేసిన రోజున, చివర్లో, ఫోను పట్టుకుని నిలబడ్డ కొడుకులిద్దరితో అత్తగారు అన్న మాట అది. కత్తిరించి పడేసే ముందు దాన్ని ఒక్కొక్క బొమ్మగా ఆపి ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

ఆపండి.

అత్తగారు ఆపమంటోంది. టీవీ ఇంకా గట్టిగా మోగుతోంది.

చిన్నకోడలు నోరు తెరిచి, ఆడపడుచు మొహం చూసి, మూసుకుంది.

*

మర్నాడు పొద్దున పెన్‌డ్రైవ్ కొంగున ముడేసుకుని, ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని స్టూడియోకి వెళ్ళింది. బావగారి మాట మనసులో ముల్లులా ఉంది. ఇచ్చేసి వచ్చేద్దామనే వెళ్ళింది.

లోపల ఏసీ చలి, ఆల్బం జిగురు వాసన. స్టూడియో ఆయన ఎవరి పెళ్ళిలోదో భోజనాల వరసలు కత్తిరిస్తున్నాడు. నములుతున్నవాళ్ళందరినీ తెర మీద గబగబా వెనక్కి నడిపిస్తూనే, "కూర్చోండమ్మా," అన్నాడు.

చిన్నకోడలు తెచ్చింది చూసి, రెండు మాటలు వినీ వినకముందే అడిగాడు. "ఫోన్‌లో తీశారా?"

"అవునండీ. మా బావగారి ఫోను."

"గదిలో వెలుతురు తక్కువ."

"ఒక్క బల్బే. ఆస్పత్రిలో చేరబోయే ముందు తీసింది."

"అదీ సంగతి. ఫోను తెలివిమీరిన వస్తువమ్మా. వెలుతురు తగ్గితే సెకనుకి తీసే బొమ్మలు తగ్గించేస్తుంది, పెరిగితే పెంచేస్తుంది. మీ సాఫ్ట్‌వేరుకి అది తెలియదు. ప్రతి సెకనుకీ బొమ్మలు సమానమే అనుకుని పేర్చుకుంటూ పోతుంది. మాట దారి మాటది. మొదట్లో తెలియదు, పోనుపోను ఎడం పెరుగుతుంది."

"అందుకే నేను మాటలన్నీ కోశానండీ."

"ఏం చేశారూ?"

"ఒక్కొక్క మాటా విడిగా కోసి, పెదవులు చూసుకుంటూ, సరిపోయే చోటికి జరిపాను. 'తల్లీ' అన్న చోట నాలుక, 'మనవరాలు' అన్న చోట పెదవులు... అలా. ఇంకా చివర్లో కొంచెం మిగిలిపోయింది."

స్టూడియో ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"వీడియో మొత్తమా? ఒక్కొక్క మాటా?"

"మరింకేం చెయ్యాలో తెలియక..."

"అయ్యో తల్లీ! ఎడిటింగ్‌లో వెయ్యకముందే, సెకనుకి ఒకే లెక్కలో బొమ్మలుండేలా ఆ ఫైలుని మార్చుకుంటే సరిపోయేది. దానికి వేరే సాఫ్ట్‌వేరు ఉంది, ఊరికే దొరుకుతుంది. ఒక టీ తాగే పని."

చిన్నకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్ని మధ్యాహ్నాలు! పొయ్యి మీద పాలు పొంగినా లేవకుండా అత్తగారి నోటి వంక చూస్తూ కూర్చున్న మధ్యాహ్నాలు.

ఆయన వీడియో పెట్టాడు. వింటూనే మొహం చిట్లించాడు. "ఈ గొంతేంటి, నీళ్ళ తొట్టిలోంచి మాట్లాడుతున్నట్టు?"

"ఫ్రిజ్ రొద వస్తుంటే, చప్పుడు తీసేసే ఎఫెక్ట్ వేశాను."

"ఎంత పెట్టారు?"

"ఉన్నదంతా."

"ఉప్పు డబ్బా బోర్లించినట్టు." నవ్వి, చిన్నకోడలి ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని ఆ ఎఫెక్ట్ పాళ్ళు చూపే గీతని కిందికి లాగాడు. ఫ్రిజ్ రొద వచ్చింది. దాని వెంటే గొంతు వచ్చింది. బొంగురుగా, గరగరలాడుతూ, అంచులు చిరిగిపోయి, కానీ నిండుగా. "వింటున్నారా? గొంతు బొంగురుపోయింది కదా. ఆ గరగర కూడా చప్పుడే అనుకుంది మీ ఎఫెక్ట్. చప్పుడుతోపాటు మనిషినీ తుడిచేసింది. కొంచెం రొద ఉన్నా పరవాలేదు, వదిలెయ్యండి."

ఇంకో రెండు మాటలు విని ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"ఉండండి. ఇది మైకమ్మ గొంతు కాదూ?"

"మా అత్తగారండీ."

"మీ అత్తగారా! చిన్నప్పుడు ఆవిడ అరిస్తే గానీ మా నాన్న బస్సెక్కేవాడు కాదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఎప్పుడు పోయారమ్మా?"

చిన్నకోడలికి ఒక క్షణం ఆ ప్రశ్న అర్థం కాలేదు.

"పోవడమేంటండీ, ఇంట్లో ఉన్నారు. పొద్దున నేనే టీ ఇచ్చి వచ్చాను."

ఆయన తెర వంక చూశాడు. వీడియో చివరికొచ్చి, తెల్లటి వెలుగు పాకుతోంది. రంగు ఇంకిపోతోంది. వేణువు.

"క్షమించాలి. ఈ వెలుగు, ఈ రంగు తీసెయ్యడం, చివర్లో కరిగిపోవడం... మేం ఇవి పోయినవాళ్ళకే వేస్తాం. ఎవరు వెయ్యమన్నారు?"

"మా వదిన. మనసు కరిగేలా ఉండాలంది." ఎఫెక్టుల జాబితాలో అందంగా కనిపించినవి ఏరుకున్నది మాత్రం తనే. అది పైకి అనలేదు.

"మొన్న మీ పెళ్ళికొడుకు తల్లి వచ్చారు. 'అమ్మమ్మగారు లేరు కదా, ఆవిడ దీవెన వేసేటప్పుడు లైట్లు తగ్గించండి' అన్నారు. నేనూ సరేనన్నాను." ఆయన మళ్ళీ కూర్చున్నాడు, కళ్ళు ఎటో తిప్పుకుని. "ఇచ్చి వెళ్తారా, మీరే చేసుకుంటారా?"

చిన్నకోడలు పెన్‌డ్రైవ్ తీసి మళ్ళీ కొంగున ముడేసుకుంది.

*

మధ్యాహ్నం ఇంట్లో అత్తాకోడళ్ళే ఉన్నారు. స్టూడియో ఆయన చెప్పినట్టే ఫైలుని మార్చి, అతుకులన్నీ పక్కన పెట్టి, మొదటి నుంచి మళ్ళీ వేసింది. వెలుగు లేదు, వేణువు లేదు. చప్పుడు తీసేసే ఎఫెక్ట్ లేదు. నిజంగానే టీ తాగే పని. టీ సగంలో ఉండగానే అయిపోయింది.

వెనకాల కుర్చీ జరిగిన చప్పుడు. అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది.

చిన్నకోడలు వీడియో నడిపింది. పెదవి కదిలినప్పుడు మాట వచ్చింది, పెదవి మూసుకుంటే మాట ఆగింది. చివరిదాకా అంతే. అత్తగారు కళ్ళార్పకుండా చూసింది. చెయ్యి తెలియకుండానే మెడ మీది గుడ్డ దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా," అంది చిన్నకోడలు తెర వంక చూస్తూనే. "నిన్న మీరు 'ఆపండి' అన్నారు కదూ?"

అత్తగారు చటుక్కున తిరిగింది. పెదవులు నెమ్మదిగా కదిలాయి.

"'నీకెలా తెలుసు?' అంటున్నారు. మీ పెదవులు నాకు కంఠతా వచ్చేశాయత్తయ్యా. ఇన్నాళ్ళూ చేసింది అదే కదా."

ఆవిడ నమ్మలేదు. ఏదో గబగబా అంది.

"మళ్ళీ అనండి. నా టీ... నా టీ ఏమైంది? కడుగునీళ్ళలా ఉంటుందా?" చిన్నకోడలు చేతిలో గ్లాసు చూసుకుంది. "ఎప్పట్నుంచి?"

'నువ్వు కాపురానికొచ్చినప్పట్నుంచి.'

"ఇన్నేళ్ళూ చెప్పొచ్చు కదా, గొంతున్నప్పుడే!"

అత్తగారి భుజాలు ఊగాయి. నవ్వుతోంది. చప్పుడేమీ లేదు, మెడ మీది గుడ్డ మాత్రం ఊపిరికి రెపరెపలాడింది. ఆ నవ్వు మధ్యలోనే ఆవిడ కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. అలాగే మాట్లాడుతూ పోయింది, ఇన్ని వారాల మాటలు ఒక్కసారి తోసుకొచ్చినట్టు. చిన్నకోడలికి కొన్ని అందాయి, కొన్ని అందలేదు. అందనప్పుడు "ఊఁ?" అంటే, ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. పలక చూస్తే ఒళ్ళు మండిపోతుందని చెప్పింది. పెద్దకొడుకు తనతో చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు అరుస్తాడని చెప్పింది. మనవరాలిని పెళ్ళిచీరలో చూడాలని ఉందని చెప్పింది.

"మరి రానని తల ఊపారట?"

'కష్టం కదా అని అడిగారు. కష్టమే. వస్తావా అని అడగలేదు.'

చిన్నకోడలు టీ గ్లాసు కింద పెట్టింది.

అత్తగారు తెర మీద పాత ఫైలు చూపించింది, తెల్లటి వెలుగున్నది. 'ఇదెందుకు? నన్నెందుకు అలా చేశారు?'

దాచాలనుకుంది చిన్నకోడలు. కానీ ఆవిడ ఇప్పుడు తన పెదవుల వంక చూస్తోంది, తను ఆవిడ పెదవుల వంక చూసినట్టే. స్టూడియోలో విన్నదంతా చెప్పింది. లైట్లు తగ్గించమన్న సంగతి కూడా.

అత్తగారి మెడ మీది గుడ్డ గబగబా లోపలికీ బయటికీ ఆడింది. తర్వాత అంది, 'సాయంత్రం అందర్నీ పిలు. నేనంటాను. నువ్వు పైకి చెప్పు. ఒక్క ముక్క కలపకు, ఒక్క ముక్క తియ్యకు.'

"నేను చెప్తే నమ్మరత్తయ్యా. నేనే కల్పించానంటారు. నన్ను ఈ ఇంట్లో ఉండనివ్వరు."

ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుంది.

'ఎఫెక్టులేమీ వెయ్యకు,' అంది.

*

"ఈసారైనా నోరూ మాటా కలిశాయా?" అంటూనే వచ్చింది ఆడపడుచు. సాయంత్రం అందరూ హాల్లో చేరారు.

"కలిశాయి వదినా."

వీడియో నడిచింది. ఫ్రిజ్ రొద, ఒంటి బల్బు పసుపు వెలుతురు, గరగరలాడే గొంతు. "నా పెళ్ళికి మీ తాతయ్య బస్సు తప్పిపోయి ఆలస్యంగా వచ్చాడే తల్లీ..." అని తెర మీద అత్తగారు దగ్గుతూ నవ్వింది. బావగారు కళ్ళజోడు తీశారు, తుడవలేదు.

"ఇదీ అమ్మ అంటే," అన్నాడు చిన్నకొడుకు.

"వెలుగేది?" అంది ఆడపడుచు. "వేణువేది? ఈ రంగేంటి, ఈ దగ్గేంటి? ఎవర్నడిగి తీసేశావ్?"

టంగ్.

"అత్తయ్య మాట్లాడతారట," అంది చిన్నకోడలు. "ఆవిడ పెదవులు నాకు తెలుస్తున్నాయి. నేను పైకి చెప్తాను."

"నీకు తెలుస్తున్నాయా! కడుపున పుట్టినవాళ్ళకి తెలియనిది నీకు..."

అత్తగారి పెదవులు కదిలాయి. చిన్నకోడలు చెప్పింది.

"'నేను పోయానని వాళ్ళకి చెప్పావా?'"

"అది అమ్మ అందా, నువ్వన్నావా?" అంది ఆడపడుచు. మొహం పాలిపోయింది. "ఒరేయ్ తమ్ముడూ, నీ పెళ్ళాం ఏం మాట్లాడుతోందో వింటున్నావా? అమ్మ నోట్లో తన మాటలు పెడుతోంది."

చిన్నకొడుకు భార్య వంక చూశాడు, తల్లి వంక చూశాడు. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం చిన్నకోడలికి చెంపదెబ్బలా తగిలింది.

అత్తగారు కూతురినే చూస్తూ అదే మాట మళ్ళీ అంది, ఒక్కొక్క అక్షరానికీ పెదవులు విప్పి. ఆపరేషన్ అయ్యాక ఆ గదిలో అందరూ కలిసి ఆవిడ నోటి వంక చూడడం అదే మొదలు.

ఆడపడుచు కూలబడినట్టు కూర్చుంది.

"నేను చెప్పలేదు. ఒట్టు, నేను చెప్పలేదు. ముందు తయారైన ముక్క ముచ్చటపడి మా వియ్యపురాలికి ఫోన్లో పంపాను. ఆవిడ చూసి, 'ఎంత కళగల మనిషి, ఎప్పుడు పోయారు' అంది. చెప్పబోయాను. ఈలోగా ఫోను వాళ్ళాయనకిచ్చింది, ఆయనా అయ్యో అన్నాడు. సరే, తర్వాత చెప్దాంలే అనుకున్నాను." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తర్వాత ఆ జబ్బు గుర్తొచ్చింది. అమ్మ ఉందంటే చూడ్డానికి వస్తారు. మెడ చూస్తారు. ఏం జబ్బంటారు, ఇంకెవరికైనా ఉందా అంటారు. నా పిల్ల గురించి ఏమనుకుంటారు? నోరు మూసుకున్నాను. అంతే నేను చేసింది. నోరు మూసుకున్నాను."

"పిల్లకి తెలుసా?" అన్నారు బావగారు.

"తెలీదు."

ఆ తెల్లటి వెలుగు తన చేత్తోనే వేసింది చిన్నకోడలు. ఎంత మెల్లగా కరగాలో కూడా తనే సరిచూసుకుంది. ఆడపడుచు మీద కోపం రావాలనుకుంది, రాలేదు.

బావగారు కాసేపు అటూ ఇటూ నడిచారు. తర్వాత తల్లి కుర్చీ ముందు వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, ఒక్కొక్క మాటా అన్నారు. "జరిగిందేదో జరిగిందమ్మా. ఇప్పుడు కదిపితే పెళ్ళి ఏమవుతుందో! పెళ్ళయ్యాక నెమ్మదిగా మనమే చెప్దాం. అందాకా ఓపిక పడతావు కదూ?"

అందరూ ఆవిడ తల వంక చూశారు.

తల కదల్లేదు.

అత్తగారు వీపు నిటారుగా చేసి కూర్చుంది. గడ్డం కాస్త పైకెత్తింది. ఎదురుగా ఎవరూ లేని చోట, ఒక మూర దూరంలో ఏదో ఉన్నట్టు చూపు నిలిపింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఆ మొహం ఆ ముగ్గురు పిల్లలకీ తెలుసు. బడి సెలవుల్లో బస్టాండు గదిలో బల్ల కింద కూర్చుని, ఆ మొహాన్ని అనుకరించి తన్నులు తిన్నవాళ్ళే ముగ్గురూ.

పెదవులు కదిలాయి. చిన్నకోడలు నోరు తెరిచేలోపే, చిన్నకొడుకు గొంతులోంచి తెలియకుండా మాట వచ్చేసింది.

"ప్రయాణికులకు మనవి," అన్నాడు.

ఆడపడుచు కళ్ళు మూసుకుంది. అది అమ్మ మాటా కాదా అని ఇక అడగలేదు.

మిగతాది చిన్నకోడలే చెప్పింది. పెదవి కదిలినప్పుడు పలికింది, పెదవి ఆగినప్పుడు ఆగింది. గొంతు ఎక్కడా పెంచలేదు.

"'రేపు ఉదయం... పెళ్ళికొడుకు వారింటికి వెళ్ళుటకు... నేను బయలుదేరుచున్నాను. నేను ఉన్నానని వాళ్ళకి నేనే చెప్తాను. పెళ్ళి ఏమైతే అదవుతుంది. చిన్నకోడలు నాతో వస్తుంది. మీలో ఎవరైనా రాదలిస్తే రావచ్చును.'"

అత్తగారు చూపు దించి, స్పూను గ్లాసు పక్కన పెట్టింది.

ఎవరూ తల ఊపలేదు.